రాజవ్వ పెట్టిన శోకం

ఇంద్రేశంల ఎవరన్న కాలం జేస్తే ముందుగాల డప్పోళ్లకు కబురు పోతది, ఆ ఎనకనే రాజవ్వకు పోతది. పిలవంది ఆమె ఏ గడపా తొక్కదు. పిలిస్తే మాత్రం కంపెనీ క్యాంటీన్ల కడుగుతున్న గిన్నెలు ఎక్కడియక్కడ వదిలేసి, చేతులు కొంగుకు తుడుచుకుంట వచ్చేస్తది. పీనుగ పక్కన కూసొని, పేరు పెట్టి పిలిచి శోకం మొదలువెట్టిందంటే, అప్పటిదాక మూలకు నిలవడి జాగ పంపకాలు మాట్లాడుకునే కొడుకులు సుత తువాల మూతికి అడ్డం పెట్టుకోవాల్సిందే. గొంతు గొప్పదేం కాదు, జెర బొంగురు. గని ఆమె ఏడుస్తుంటే పోయిన మనిషి లేసొచ్చి వాకిట్ల కూసున్నట్టే ఉంటది.

ఎందుకంటే రాజవ్వ ఊకెనే ఏడ్వదు. ముందుగాల అడుగుతది. ముసలాయన ఏం తింటుండె, బీడీ ఏ చెవి మీద పెట్టుకుంటుండె, ఎవరితోని మాటల్లేకుండ పోయిండు, చిన్నకోడలు ఎట్ల సూసుకున్నది. ఇవన్ని తెలుసుకొని ఒక్కొక్కటే శోకంల అల్లుతది. చిన్నకోడలు సరిగ సూసుకోకపోతే అది గూడ అల్లుతది. అందుకే ఊర్లె కొందరు కోడండ్లకు ఆమె అంటే హడల్.

బతికున్నోళ్ల పేరు మీద మాత్రం ఆమె నోరు లేవదు. శోకం పెట్టి పిలిస్తే ఆ పేరుగల్ల మనిషి ఇంటదని, ఇని సావు దిక్కు నడుస్తదని అత్త చెప్పింది. అత్త చెప్పినయాట్ల సగం రాజవ్వ ఎప్పుడో గాలికి వదిలేసింది. ఇదొక్కటి వదల్లే.

ఆమె పుట్టింది బొంతపల్లిల. ఇంద్రేశం చిన్నరాములుకిచ్చి చేస్తే నాట్లు, కలుపులు, కోతలు అంటూ పరాయి మళ్లల్ల నడుము వంచి సగం ఆయుష్షు గడిపింది. ఇప్పుడు ఆ మళ్లల్ల లేఅవుట్లు, డూప్లెక్స్ ఇండ్లు లేసినయ్. వాటికి పెట్టిన ఇంగ్లీషు పేర్లు కట్టినోడిని చదవమన్నా నాలిక మడతవడుతది. చిన్నరాములు దమ్ము రోగంతోని పోయిండు. పిల్లల్లేరు. పుట్టినోళ్లు నిలువలే. ఆ ముచ్చట ఎవరన్న ఎత్తితే, "అయిపోయింది గదా, పని చూడుండ్రి" అంటది.

అసొంటి రాజవ్వ సినిమా షూటింగుకు పోవుడేంది అని ఊర్లె అందరు నోరు తెరిసిండ్రు. పోయింది మల్ల.

బొంతపల్లి దిక్కు మూతవడ్డ కంపెనీ షెడ్డు ఒకటుంటది. ఎప్పుడూ ఏదో ఒక షూటింగు నడుస్తనే ఉంటది అందుల. అందరు కొట్లాటలు తీస్తుంటే చంద్రకాంత్ సారు మాత్రం ఆ షెడ్డు నడుమ పాత పెంకుటిల్లు కట్టించి, సావు తీస్తనన్నడు. చంద్రకాంత్ అంటే చిన్న మనిషి కాదు. ఆయన పిక్చర్ వస్తుందంటే చదువుకున్నోళ్లు నెల ముందు సంది మాట్లాడుకుంటరు. ఆయన దగ్గర చేసిన హీరోయిన్‌కు అవార్డు ఖాయం. చేసినామె మల్ల ఆయన పిక్చర్ల చెయ్యదు, అది గూడ ఖాయం. ఈ రెండు ముచ్చట్లు అందరికి ఎరుకే గని, రెండిటిని పక్కపక్కన పెట్టి సూసినోళ్లు తక్కువ.

సారు దగ్గర అసిస్టెంటు శివకుమార్‌ది సంగారెడ్డి. వాళ్ల నానమ్మ పోయిన్నాడు రాజవ్వ వచ్చి ఏడ్చింది. అది యాదికుండి ఆమెను తోలుకొచ్చిండు. చంద్రకాంత్ సారు కుర్చీల నుంచి లేసొచ్చి ఆమె కాళ్లు మొక్కిండు. పెద్దమనిషి గట్ల వంగేసరికి రాజవ్వకు సిగ్గయింది. అయినా అడగాల్సింది అడిగింది.

"బతికున్నోళ్ల పేరయితే నాతోని కాదు సారూ."

"ఊహించి రాసిన పేరే అమ్మా. అసలు పుట్టని మనిషి" అన్నడు సారు.

పుట్టనోళ్లకు సావు అంటదా? అంటదు. ఆ లెక్కన రాజవ్వ ఒప్పుకున్నది.

ఆ పిక్చర్ల హీరోయిన్ రమ్యశ్రీ. రాజవ్వ ఆమెకు అన్నీ చూపించింది. పీనుగ కాడ కాళ్లెట్ల ముడుచుకోవాలె, జుట్టు ఎట్ల ఇప్పాలె, రొమ్ము కొట్టుకుంటే దెబ్బ తగలకుండ చప్పుడెట్ల రావాలె, పక్కన కూసున్న ఆడిమనిషి మెడ ఎప్పుడు పట్టుకోవాలె. షాట్ తీసేటప్పుడు రాజవ్వ కెమెరా ఎనక కూసొని శోకం పెట్టాలె, రమ్యశ్రీ ఇనుకుంట ఏడ్వాలె. సారు ఇచ్చిన పేరు నర్సింగ్, కథల ఆమెకు అన్న. వాడు నీళ్లల్ల పోయిండని, ఎర్రంగి తొడుక్కొని పోయిండని చెప్పిండు. రాజవ్వ "ఎర్రంగి నర్సింగూ" అని అందుకున్నదో లేదో ఆ పిల్ల అరచెయ్యి కొరుక్కున్నది. రక్తం కారింది. యూనిట్ మొత్తం చప్పట్లు కొట్టింది.

పోయేటప్పుడు రమ్యశ్రీ రాజవ్వ దిక్కు సూడలే. పెద్దోళ్ల పిల్ల, పని అయినంక మనతోనేం పని అనుకున్నది రాజవ్వ. మనసుల మాత్రం కష్టమయింది. అవార్డు వచ్చినంక క్యాంటీన్ టీవీల కనిపించింది ఆ పిల్ల. ఎవరో అడిగితే, "ఆయన గొప్ప డైరెక్టరే. ఇంకోసారి మాత్రం చెయ్యను" అని నవ్వింది. సూసేటోళ్లు గూడ నవ్విండ్రు.

అది జరిగి చాన్నాళ్లయింది. ఈ ఏడు మల్ల శివకుమార్ వచ్చిండు. మల్ల అదే షెడ్డు, ఇంకో ఇల్లు, ఇంకో సావు. ఈసారి హీరోయిన్ స్నిగ్ధ.

స్నిగ్ధ వేరే తీరు పిల్ల. అమీన్‌పూర్‌ల అపార్ట్‌మెంట్‌ల ఉంటది, మాట మనదే. మొదటి రోజే రాజవ్వ డబ్బల చెయ్యి పెట్టి జొన్నరొట్టె తుంపుకొని తిన్నది. "అవ్వా, పచ్చిపులుసు గూడ తేవా రేపు" అన్నది. రాజవ్వకు పానం లేసొచ్చింది. పిల్లలు నిలవని కడుపాయె, గట్ల అడిగేటోళ్లు ఆమెకు ఎవరున్నరు గనక.

"సారు బాగ సూసుకుంటడా బిడ్డా?" అని అడిగింది ఒకనాడు.

"షూటింగుకు ముందు మస్తు మంచిగుండె అవ్వా. రోజూ కూసోవెట్టి నా ముచ్చట్లన్ని అడుగుతుండె. చిన్నప్పటియి, మా ఇంటియి. మా నాయన పోయినంక ఎవరికి చెప్పనియి గూడ ఆయనకు చెప్పిన, అన్న లెక్క అనిపించిండు. షూటింగు మొదలయిన కాన్నుంచి నాతోని మాట్లాడుత లేడు. ఏదన్నా ఉంటే శివన్నతోని చెప్పి పంపుతడు. నా పక్కన ఎవరు కూసోవద్దని గూడ చెప్పిండట. నేనేం తప్పు చేసిన్నో తెలుస్త లేదు."

"పనిల ఉంటే గట్లనే ఉంటరులే" అన్నది రాజవ్వ.

సావు షాట్ రోజు రానే వచ్చింది. కథల సచ్చిపోయేది హీరోయిన్ తల్లి. కాయితంల ఆమె పేరు మొగులమ్మ అని ఉండె, రాజవ్వ ఆ పేరు మీదనే అల్లి పెట్టుకున్నది. కెమెరా తిరిగే ముందు సారు దగ్గరికొచ్చి మోకాళ్ల మీద కూసున్నడు.

"అమ్మా, పేరు మార్చినం. ధనలక్ష్మి అని పిలువు. కుట్టుమిషను మీద బడి పిల్లల బట్టలు కుట్టేది. సూదులు పైట కొంగుకు గుచ్చుకొని మర్చిపోయేది, బిడ్డ పోయి కావలించుకుంటే గుచ్చుకునేయి. బిడ్డ కాలేజీ బస్సు దిగేదాక హైవే మీద గొడుగు పట్టుకొని నిలవడేది."

రాజవ్వ లోపల్లోపల మెచ్చుకున్నది. ఈ సారుకు పని తెలుసు, సావింట్ల గిట్లనే అడగాలె అనుకున్నది. సూదుల ముచ్చట అయితే ఆమెకు మస్తు నచ్చింది. కండ్లు మూసుకొని గొంతు సవరించుకున్నది.

"సూదుల కొంగు ధనలక్ష్మీ, గొడుగేడ పెట్టినవే తల్లీ, బస్సొచ్చె, బిడ్డ దిగె, రోడ్డు మీద నువ్వు లేకపోతివి..."

కండ్లు తెరిసేసరికి స్నిగ్ధ నిలవడి ఉన్నది. కూసోని ఏడ్వాల్సిన పిల్ల, నిలవడి షెడ్డు తలుపు దిక్కు సూస్తున్నది. ఎవరన్న వస్తున్నరా అని సూసినట్టు సూసి, అట్లనే కూలవడ్డది. ఆ ఏడ్పు రాజవ్వ నేర్పింది కాదు. యాభై సావుల కాడ కూసున్న రాజవ్వకు తెలుస్తది, అది నేర్చుకుంటే వచ్చే ఏడ్పు కాదు. సారు కండ్లు తుడుచుకొని "ఓకే" అన్నడు. చప్పట్లు కొట్టిండ్రు.

రాజవ్వ నీళ్లు పట్టుకొని పోయింది. స్నిగ్ధ ఆమెను సూసి ఎనకకు జరిగింది.

"మా అమ్మ పేరు నీకెవరు చెప్పిండ్రు?"

"మీ అమ్మదెక్కడిది బిడ్డా? పిక్చర్‌ల పేరు గదా అది."

"ధనలక్ష్మి మా అమ్మ. కిడ్నీలు పాడయి దవాఖానల ఉన్నది. సూదులు మా అమ్మయే. గొడుగు మా అమ్మదే. సెట్ల ఫోనుండొద్దని పొద్దుగాలనే తీసుకున్నరు. నువ్వు ఆ పేరు పిలిచేసరికి, కబురొచ్చింది, నాకు దాచిపెట్టిండ్రు అనుకున్న."

రాజవ్వ నీళ్లు కింద పెట్టింది. ముందుగాల ఏం అర్థం కాలే, తర్వాత అంతా ఒక్కసారే అర్థమయింది.

"నర్సింగ్ ఎవరు?" అని అడిగింది మెల్లగ.

"రమ్యక్క వాళ్ల అన్న. చెరువుల పోయిండు. అక్క నాకు ఫోన్ చేసి చెప్పింది అవ్వా, ఆయనకు నీ ఇంటి ముచ్చట ఒక్కటి చెప్పకు అన్నది. నేనే ఇనలే. అవార్డు వచ్చిందని మిడిసిపడుతుంది అనుకున్న."

రాజవ్వ సారు దగ్గరికి పోయింది. ఆమెకు ఒళ్లంత మండుతున్నది. ఆయన టీ తాగుతున్నడు, ఎదురుగ స్టూలు చూపించిండు. ఆమె కూసోలే.

"పుట్టని మనిషి అంటివి గదా సారూ."

"ఆ పిల్ల తల్లికేం కాలే గదా అమ్మా. బాగనే ఉన్నది, సాయంత్రం ఇద్దరు ఫోన్ల మాట్లాడుకుంటరు. ఏడ్పు నటిస్తే తెర మీద దొరికిపోతం. రేపు ఈ పిల్లను దేశమంతా మొక్కుతది, అప్పుడు నాకే దండం పెడతది" అన్నడు సారు. కోపంగ అనలే, నిజంగనే నమ్మి అన్నడు. "రేపు కెమెరా ముఖం దగ్గర పెట్టి తీస్తం. నువ్వు రావాలె."

"నేను రాను."

"నీ ఇష్టం. నీ గొంతు రికార్డు చేసినం, స్పీకర్ల పెట్టుకుంటం."

అంటే రాజవ్వ రాకున్నా ఆమె గొంతు వస్తది. ఆ పిల్ల ముందల అదే పేరు మల్ల పిలుస్తది.

బయటికొస్తే స్నిగ్ధ ఫోన్ పట్టుకొని నిలవడ్డది. అమ్మతోని మాట్లాడిందట, గొంతు నీరసంగ ఉన్నదట. "అవ్వా, ఈ పిక్చర్ విడిచిపెట్టి పోలేను, సంతకం పెట్టిన. మా అమ్మ పెద్ద తెర మీద నన్ను సూడాలని కూసున్నది. గని ఆ పేరు ఇంకోపారి ఇంటే నాతోని కాదు" అన్నది.

ఇంటికొచ్చినంక పక్కింటి అరుణమ్మకు అంతా చెప్పింది రాజవ్వ. అరుణమ్మ ఓదార్చబోయింది.

"కాకి నెత్తి మీద తంతే, ఆ మనిషి సచ్చిపోయిండని చుట్టాలకు అబద్ధపు కబురు పంపుతం గదనే. వాళ్లు ఏడిస్తే దోషం పోతది, ఆయుష్షు పెరుగుతది. గట్లనే అనుకో."

"అది మనిషి బతకాలని చేసేది. ఇది పిక్చర్ ఆడాలని చేసింది. రెండు ఒకటెట్లయితయ్?" అన్నది రాజవ్వ.

"మరి రేపు పోతవా?"

"పోతే ఒక బాధ, పోకుంటే ఒక బాధ. పేరు లేకుండ శోకం రాదు నాకు. ఎవరి పేరు పెట్టాలె? లేని పేరు పెడితే ఆయన ఒప్పుకోడు, ఉన్నోళ్ల పేరు పెట్టనీకి నాకు నోరు రాదు."

పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే రాజవ్వ దాని ముందల కూసొని చాన సేపు ఆలోచన చేసింది. ఒక పేరు తోచింది. తోచినంక భయం వేసింది. నిజంగనే భయం వేసింది, అన్నం సగమే తిన్నది.

పొద్దుగాల ఆటో ఎక్కి షెడ్డుకు పోయింది. సారు ఆమెను సూసి నవ్వుకుంట లేసొచ్చిండు.

"నిన్న రికార్డు చేసిన నా గొంతు తుడిపెయ్యి సారూ. మల్ల కొత్తగ పెడత. పేరు నేను పెడత" అన్నది రాజవ్వ.

సారు ఆలోచించిండు. స్పీకర్ల గొంతుకు రెండోపారి గుండె పగలదని ఆయనకు తెలుసు. ఎదురుంగ మనిషి కూసొని ఏడిస్తే వచ్చేదాని కోసమే ఆయన ఇంత చేసేది. శివకుమార్‌కు సైగ చేసిండు. రాజవ్వ దగ్గరుండి తుడిపిచ్చింది. తుడిపినంక, "ఏదీ, వినిపియ్యి" అన్నది. ఏం వినరాలే. శివకుమార్ తల దించుకొని, "నన్ను మాఫ్ చెయ్యి అవ్వా, పేరు ముచ్చట నాకు గూడ తెల్వది" అన్నడు. తెలుసో తెల్వదో దేవునికెరుక.

"పేరేంది మరి?" అని అడిగిండు సారు.

"మొదలువెట్టినంక ఇంటవు గదా."

ఈసారి ఆమె కెమెరా ఎనక కూసోలే. సావు ఇంటికి వచ్చిన ఆడిమనిషి తీరుగ స్నిగ్ధ పక్కనే, పీనుగ వేషంల పండుకున్నామె తలాపు కాడ కూసున్నది. స్నిగ్ధ చెయ్యి పట్టుకున్నది. "మీ అమ్మ పేరు ఈ నోటెంట రాదు బిడ్డా" అని చెవుల చెప్పింది. ఆ పిల్ల తల ఊపింది గని నమ్మినట్టు కనిపించలే. లైట్లు వేసిండ్రు.

రాజవ్వ కండ్లు మూసుకోలే. ఎదురుంగ సూసుకుంటనే అందుకున్నది.

"ఓ రాజవ్వా... ఇంద్రేశం రాజవ్వా... నాటేసిన మళ్లల్ల మేడలు లేశె, నీ అడుగు ఏడున్నదే రాజవ్వా..."

లైట్ల కాడి బీహారు పిల్లగాండ్లకు మాట తెల్వకున్నా పేరు తెలుసు, వాళ్లు ఒకరి ముఖం ఒకరు సూసుకున్నరు. ఊర్లెకెల్లి వచ్చి పీనుగ చుట్టూ కూసున్న ఆడోళ్లు ముగ్గురు నలుగురు లేసి నిలవడ్డరు. తన పేరు మీద తనే శోకం పెట్టుకున్న మనిషిని వాళ్లు ఏనాడు సూడలే.

"అందరి పీనుగలకు ఏడిస్తివి, నీ పీనుగ కాడ ఎవరే రాజవ్వా... పొట్టకు పుట్టినోళ్లు పొత్తిళ్లల్లనే పాయె, చిన్నరాములు చెప్పకుంట పాయె... కంపెనీ గిన్నెలన్ని కడిగితివి, నీ గొంతుల నీళ్లు పోసెటోళ్లు ఎవరే రాజవ్వా..."

అవ్వ బతికుండంగనే తన సావు తనే పిలుస్తున్నదని స్నిగ్ధకు అప్పుడు తెలిసింది. "వద్దవ్వా" అన్నది. కాయితంల ఆ మాట లేదు. రాజవ్వ ఆగలే. ఆ పిల్ల గబుక్కున ఆమె నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు, ఆపు, నీకేమన్న అయితది" అనుకుంట రెండు చేతులతోని నోరు మూసింది. రాజవ్వ ఆ చేతులు మెల్లగ తీసి, తన ఒళ్లె పెట్టుకొని, మిగిలింది గూడ పెట్టింది. జొన్నరొట్టె తుంపుకొని తిన్న బిడ్డ ఒకతి ఉన్నదని, పచ్చిపులుసు అడిగిందని, ఆ బిడ్డను సల్లగుండమని చెప్పి పొమ్మని తనను తనే సాగదోలింది. స్నిగ్ధ ఆమె మెడ పట్టుకొని ఏడ్చింది. దొంగ ఏడ్పు కాదది, మోసపోయి ఏడ్చిన ఏడ్పూ కాదు. తెలిసి, మనసుతోని ఏడ్చింది.

"కట్" అని చాన సేపటికి వినవడ్డది. ఎవరు చప్పట్లు కొట్టలే. చంద్రకాంత్ సారు టీవీ డబ్బ ముందుకెల్లి లేసొచ్చిండు, ముఖమంతా తడి.

"నా జీవితంల ఇసొంటి షాట్ తియ్యలే" అన్నడు. కండ్లద్దాలు తుడుచుకుంటనే కెమెరా దిక్కు తిరిగిండు. "సేఫ్టీకి ఇంకొక్కటి తీసుకుందాం. అమ్మా, మల్ల మొదటి నుంచి."

రాజవ్వ స్నిగ్ధ చెంపలు తన కొంగుతోని తుడిచింది. మోకాలు పట్టుకొని మెల్లగ లేసింది.

"మనిషి ఒక్కపారే సస్తది సారూ" అన్నది.